సింహనందిని: పాదచిత్రంలో వర్ణం, కాంతి, స్పర్శగుణం

1. ప్రస్తావన

కూచిపూడి నర్తకి పాదాలతో సింహం బొమ్మను రూపొందించే నృత్తాంశం సింహనందిని. నేలపై పరచిన రంగుపొడి మీద గానీ, పొడిని కప్పిన వస్త్రం మీద గానీ సింహనందన తాళానుసారం అడుగులు పడుతుండగా చిత్రం ఏర్పడుతుంది. నూటయెనిమిది తాళాలలో సుదీర్ఘమైన ఈ తాళానికి ఆవర్తం 128 అక్షరకాలాలు. మయూర కౌత్వంతో పాటు ఈ అంశాన్ని శిష్యులకు అందించిన గురువులలో సి.ఆర్. ఆచార్యులు ముఖ్యులు. దీనికి దక్కే ప్రశంస సాధారణంగా నర్తకి నైపుణ్యానికే పరిమితమవుతుంది. పాదం మిగిల్చిన చిత్రం కూడా విమర్శకు అర్హమైనదే. ఆ పరిశీలనకు ఇంప్రెషనిస్టు ప్రకృతిచిత్రంతో పోలిక ఉపకరిస్తుంది.

2. స్పర్శగుణం

క్లోద్ మోనే 1872 నాటి ‘ఇంప్రెషన్, సన్‌రైజ్’లో కుంచె జాడ దాగదు. నీటిపై నారింజరంగు ప్రతిబింబం కొన్ని విడి గీతలు మాత్రమే. చూపరికి రేవుతో పాటు చేతి వేగమూ తెలుస్తుంది. సింహనందినిలో ఆ జాడ పాదానిది. మడమ ఒత్తిన చోట పొడి పక్కకు తొలగి గట్టు కడుతుంది. వేళ్లు ఈడ్చిన చోట గీత సన్నబడుతుంది. జూలు, తోక, పంజా అనే ఆకృతులన్నీ లఘు గురు ప్లుతాల కాలప్రమాణానికి లోబడి పుడతాయి. తరంగంలో పళ్లెం అంచుపై నిలిచిన పాదం చిత్రాన్ని మిగల్చదు. ఇక్కడ మాత్రం లయ దృశ్యరూపంలో మిగులుతుంది.

3. వర్ణం, కాంతి

పోలిక ఇక్కడితో ఆగి, భేదం మొదలవుతుంది. మోనే చిత్రాన్ని నలుపు తెలుపులలో చూస్తే సూర్యబింబం ఆకాశంలో దాదాపు కలిసిపోతుంది; ఆ సూర్యుణ్ణి నిలబెట్టినది వెలుగులోని హెచ్చుతగ్గు కాదు, వర్ణభేదం. సింహనందిని నలుపు తెలుపులలోనూ సింహమే. అది రేఖాప్రధానం, వర్ణం నేలకూ రేఖకూ మధ్య భేదాన్ని చూపడంతో తృప్తి పడుతుంది. ఇంప్రెషనిస్టుకు కాంతి చిత్రవస్తువు. ఇక్కడ కాంతి చిత్రం వెలుపలిది. అయినా దాని ప్రభావం స్వల్పం కాదు: పక్కనుంచి పడే వెలుగులో పొడి గట్లు నీడలు పొంది రేఖకు ఎత్తుపల్లాలు సమకూరుతాయి, నేరుగా పైనుంచి పడే వెలుగు వాటిని చదును చేస్తుంది. కనుక దీపవిన్యాసం ఈ అంశంలో అలంకారం కాదు, చిత్రరచనలో భాగం.

4. ముగింపు

ఇంప్రెషనిస్టు క్షణికమైన కాంతిని పట్టుకున్నాడు. సింహనందినిలో సింహం ఆకృతి ముందే నిర్ణీతం. క్షణికమైనది దాన్ని గీసే దేహం. అందువల్ల పూర్తయిన బొమ్మ ఛాయాచిత్రం ఒక్కటే ఈ కళకు సాక్ష్యం కాజాలదు. అది ఫలితాన్ని భద్రపరచి, ఫలితానికి కారణమైన కాలాన్ని వదిలివేస్తుంది. ఏ అక్షరకాలానికి ఏ రేఖ పుట్టిందో తాళలిపితో జోడించి నమోదు చేసినప్పుడే ఒక గురుపరంపర చిత్రం మరొకదానికంటే ఎక్కడ భిన్నమో చెప్పడం సాధ్యం. అంతవరకు సింహనందిని విమర్శ ఆశ్చర్యప్రకటన దగ్గరే నిలిచిపోతుంది.