కుర్చీ వెనుక చేతులు: వికమ్ మ్యూజియం - వృత్తిపదాల సాక్ష్యం

1. ఉపోద్ఘాతం:
స్థానిక చరిత్ర ప్రదర్శనశాలను కూడా ఒక పాఠంగా చదవవచ్చు. అది దేన్ని చూపుతున్నదో, ఎవరి పేరుతో చూపుతున్నదో గమనించడం విమర్శకుని పని. ఇంగ్లండులోని బకింగ్‌హామ్‌షైర్‌కు చెందిన హై వికమ్ పట్టణం కుర్చీల తయారీకి ప్రసిద్ధి. అక్కడి కాసిల్ హిల్ హౌస్‌లో ఉన్న వికమ్ మ్యూజియం ఆ వారసత్వాన్ని భద్రపరుస్తున్నది. ఆ వారసత్వంలో శ్రామికుని స్థానమేమిటో వృత్తిపదాల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. కుర్చీ - శ్రమవిభజన:
విండ్సర్ కుర్చీ అక్కడ ఒక్కరి చేతిపని కాదు. చిల్టర్న్ కొండల బీచ్ అడవుల్లో పచ్చికర్రను తరిమెన పట్టి కాళ్లు చేసినవాడు ‘బాడ్జర్’. ఎల్మ్ చెక్కను బాడిసతో తొలిచి కూర్చునే పలక చేసినవాడు ‘బాటమర్’. విడిభాగాలను బిగించి కుర్చీగా నిలిపినవాడు ‘ఫ్రేమర్’. పేము అల్లిక చాలావరకు స్త్రీల పని. మన ‘వడ్రంగి’ మొత్తం వృత్తిని సూచించే మాట. ‘బాటమర్’ కుర్చీలోని ఒక్క భాగానికే పరిమితమైన మాట. పని ముక్కలైనప్పుడు పనివాని పేరూ ముక్కలవుతుందనడానికి ఇది నిదర్శనం.

3. వేడుక - విస్మృతి:
1875 నాటికి అక్కడ రోజుకు సుమారు 4,700 కుర్చీలు తయారయ్యేవని అంచనా. 1877లో విక్టోరియా రాణి వచ్చినప్పుడు వీధిలో కుర్చీలతోనే స్వాగతతోరణం కట్టారు. ఆ ఊరి ఫుట్‌బాల్ జట్టు వికమ్ వాండరర్స్‌ను నేటికీ ‘చెయిర్‌బాయ్స్’ అంటారు. ఇవన్నీ గర్వకారణాలే. అయితే 1913 చివరలో అదే పట్టణంలో వేతనాల వివాదం లాకౌటుగా మారి 1914 ఫిబ్రవరి వరకు సాగింది. తోరణం, లాకౌటు ఒకే చరిత్రకు రెండు ముఖాలు. తోరణానికి కుర్చీ అనే వస్తువు తోడుగా ఉంది. మూతపడిన కార్ఖానా ముందు నిలబడినవారి ఆకలికి అటువంటి వస్తువేదీ లేదు. అందుకే వస్తువులను ఆశ్రయించే ప్రదర్శన సహజంగానే వేడుక వైపు మొగ్గుతుంది.

4. ముగింపు:
ఈ లోటును పూరించగలిగేది మాట. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలను భద్రపరచి మనకు ఆ దారి చూపింది. నేడు తరిమెన, బాడిస వంటి మాటలకు తెలుగు తరగతి గదిలోనే అర్థం చెప్పవలసివస్తున్నది. రేపు మన ఊళ్లలో వడ్రంగానికి ప్రదర్శనశాలలు వెలిస్తే, పనిముట్టు పక్కన దాన్ని పట్టినవారి మాట, కూలి, కలహం కూడా నమోదు కావాలి. అప్పుడే అది వస్తువుల వారసత్వంతోపాటు మనుషుల వారసత్వం కూడా అవుతుంది.