క్యూఆర్ అట్ట వెనక

తిరుచానూరులో అమ్మవారి గుడికి వెళ్లే దారిలో పూలమ్మే ఆమె గంప పక్కనే క్యూఆర్ అట్ట ఉంటుంది. చెన్నై నుంచి వచ్చిన భక్తురాలు ఫోను చూపిస్తుంది. ఇరవై రూపాయలు అందాయని చిన్న స్పీకరు పలుకుతుంది. ఇద్దరి ఖాతాలూ వేర్వేరు బ్యాంకుల్లో ఉన్నాయన్న సంగతి వాళ్లకు పట్టదు. పట్టకుండా చేయడానికే బ్యాంకులకు ముప్పై ఏళ్లకు పైగా పట్టింది.

మొదట్లో, బ్యాంకుల్లోకి కంప్యూటరొస్తే ఉద్యోగాలు పోతాయని భయపడ్డారు. 1983లో కంప్యూటర్ల మీద యాజమాన్యాలకూ ఉద్యోగ సంఘాలకూ ఒప్పందం కుదిరింది. మరుసటేడు సి.రంగరాజన్ నేతృత్వంలోని కమిటీ బ్రాంచీల్లోకి యంత్రాలు రావడానికి దారి వేసింది. అయితే తొలినాళ్ల యంత్రాలు లెడ్జరు రాతను తేలిక చేశాయంతే. ఖాతా ఎక్కడుంటే డబ్బూ అక్కడే.

అసలు మలుపు హైదరాబాదులో తిరిగింది. 1996లో రిజర్వు బ్యాంకు అక్కడ ఐడీఆర్‌బీటీ అనే సంస్థను పెట్టింది. 1999లో ఆ సంస్థ ఉపగ్రహం ఆధారంగా బ్యాంకులకు మాత్రమే పనికొచ్చే ఇన్ఫినెట్ అనే నెట్‌వర్క్‌ను నడిపించింది. 2004లో నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్ తెచ్చింది. అందులో చేరిన ఒక బ్యాంకు కార్డు ఇంకో బ్యాంకు ఏటీఎంలో పనిచేసింది. 2009లో ఆ స్విచ్ జాతీయ చెల్లింపుల సంస్థ ఎన్‌పీసీఐ చేతికెళ్లింది. ఇప్పటి క్యూఆర్ చెల్లింపులను నడిపే యూపీఐని 2016లో తెచ్చిందీ ఎన్‌పీసీఐయే. ఎవరి యంత్రం వాళ్లు కొనుక్కున్నన్నాళ్లూ జనానికి ఒరిగింది తక్కువ. అందరూ ఒకే దారికి ఒప్పుకున్నాకే ఆ ఫలం పూలగంప దాకా వచ్చింది.

ఇప్పుడు తిరుచానూరు ఉన్న ఈ ప్రాంతానికి మరో మార్పు వచ్చింది. 2006 నుంచి చిత్తూరు కేంద్రంగా నడిచిన సప్తగిరి గ్రామీణ బ్యాంకు, 2025 మే 1న మరో మూడింటితో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. సప్తగిరికి స్పాన్సరుగా ఇండియన్ బ్యాంకు ఉండేది, కొత్త బ్యాంకుకు యూనియన్ బ్యాంకు ఉంది. కాగితం మీద విలీనం ఒక్కరోజులో అయిపోతుంది. ఖాతాలను ఒకే సాఫ్ట్‌వేర్‌లోకి మార్చడం వేరే పని.

ఆ పనిలో ఖాతాదారును చివర్లో తలుచుకోవడం అన్యాయం. వేరుశనగ చేలో కాయలు ఒలిచిన వేళ్ల ముద్ర యంత్రం మీద సరిగా పడదు. ఊళ్లో బ్యాంకు తరఫున డబ్బిచ్చే బ్యాంకు మిత్ర ఇంకో వేలు పెట్టమంటారు, అప్పటికీ కాకపోతే బ్రాంచికి పొమ్మంటారు. కొత్త సాఫ్ట్‌వేర్‌కు మారే వారాల్లో కౌంటరు పక్కన అదనంగా ఒకరిని కూర్చోబెట్టాలి, ఎస్సెమ్మెస్ తెలుగులో పంపాలి. సర్వర్ల ఖర్చుతో పాటు ఈ ఖర్చునూ ముందే లెక్కలో రాసుకోవాలి.