బైలాస్ చూపించండి

సమాజాన్ని మారుస్తామంటూ ఎవరైనా సంస్థ పెడితే నేను ముందు బైలాస్ అడుగుతాను. స్నేహితులు నవ్వుతారు. నవ్వనివ్వండి. లాభం ఎవరికి చేరుతుంది, నష్టం ఎవరి నెత్తిన పడుతుంది, అధ్యక్షుణ్ణి దింపే హక్కు ఎవరికుంది అన్నవి రాసి ఉండేది అందులోనే.

పేద మహిళలకు చిన్న అప్పులివ్వడానికి విక్రమ్ ఆకుల 1990ల చివర్లో మెదక్ జిల్లాలో మొదలుపెట్టిన ఎస్‌కేఎస్ తొలుత లాభాపేక్ష లేని సంస్థే. విరాళాలతో ఎంతమందికని ఇస్తారు? అందుకే ఫైనాన్స్ కంపెనీగా మారింది, 2010 ఆగస్టులో షేర్ మార్కెట్‌కూ వెళ్ళింది. లక్షల మందికి అప్పు అందిన మాట నిజం. కానీ మదుపరికి ఏటా ఎదుగుదల చూపించాలి, ఈ వ్యాపారంలో ఎదుగుదలంటే ఇంకో అప్పు. ఇలాంటి కంపెనీలు పోటీపడి ఇచ్చాయి. ఒకే ఇంటి మీద మూడు నాలుగు బాకీలు, వారం వారం వసూళ్ళు. అప్పులపాలైనవాళ్ళ ఆత్మహత్యల వార్తలు వస్తుంటే అదే ఏడాది అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఈ వసూళ్ళను కట్టడి చేస్తూ ఆర్డినెన్స్ తెచ్చింది. దాంతో రాష్ట్రంలో వాయిదాలు కట్టడం దాదాపు ఆగిపోయింది.

అప్పటి కరీంనగర్ జిల్లా ముల్కనూరులో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి 1956లో పెట్టిన సహకార సంఘం అమరిక వేరు. అప్పు ఇచ్చేదీ, ఎరువు అమ్మేదీ, పంట కొనేదీ ఆ సంఘమే. రైతుకు గిట్టుబాటు కాకపోతే సంఘం బాకీ రాదు. కాబట్టి విత్తన వడ్లు, బియ్యం మిల్లు, పత్తి జిన్నింగు అంటూ పంటకు విలువ పెంచే పనులన్నీ తనే తలకెత్తుకుంది. ఇది దయ అనుకోను. లెక్క.

ఇబ్బందీ ఉంది. సభ్యుల డబ్బుతో నడిచే సంఘం నెమ్మదిగానే పెరుగుతుంది. పైగా చాలా సంఘాల్లో ప్రభుత్వం వాటా పెట్టి పెత్తనమూ తీసుకుంది. ఎన్నికైన పాలకవర్గాన్ని తీసేసి అధికారిని కూర్చోబెట్టడం మనకు కొత్త కాదు. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం ఆ ముడి విప్పింది: సర్కారు వాటా వద్దు, పెత్తనమూ వద్దు. ముల్కనూరు మహిళల పాల డెయిరీ ఆ దారిలోనే వచ్చింది. పాలు పోసే ఆడవాళ్ళే సభ్యులు, పాలకవర్గాన్ని ఎన్నుకునేదీ వాళ్ళే. అక్కడ సేకరణ ధర మీద వాదన మొదలైతే అది యజమానుల మధ్య వాదన.