మాజు తల్లి గుడి కప్పు కింద

సింగపూర్ తెలోక్ అయర్ వీధిలో థియాన్ హాక్ కెంగ్ గుడి ఒకప్పుడు సముద్రపు ఒడ్డునే ఉండేది. 19వ శతాబ్దం చివర్లో సముద్రాన్ని పూడ్చడంతో తీరం దూరం జరిగింది. దక్షిణ చైనాలోని ఫూజియాన్ నుంచి ఓడల్లో వచ్చిన హొక్కియన్లు, ప్రాణాలతో ఒడ్డుకు చేర్చినందుకు సముద్ర దేవత మాజుకు ఇక్కడ అగరుబత్తులు వెలిగించి దణ్ణం పెట్టుకునేవారు. మొదట్లో ఉన్నది చిన్న మందిరమే. 1839లో పెద్ద గుడి పని మొదలై 1842లో ముగిసింది. అమ్మవారి విగ్రహం 1840లో చైనా నుంచి వచ్చింది. చందాల్లో పెద్ద చెయ్యి వ్యాపారి టాన్ టాక్ సెంగ్‌ది. ఆయన పేరుతో నగరంలో ఇప్పటికీ పెద్దాసుపత్రి ఉంది.

వచ్చినవాళ్లంతా కప్పు మీది డ్రాగన్ల ఫొటోలు తీసుకుంటారు. తప్పేం లేదు, అవి అందంగానే ఉంటాయి. రంగురంగుల పింగాణీని పట్టకారుతో చిన్న చిన్న పెంకులుగా తుంచి, సున్నపు గచ్చులో ఒక్కొక్కటే గుచ్చి పొలుసులు, పూరేకులు తీర్చే పనితనం ఫూజియాన్ కళాకారులది. కానీ నన్నడిగితే, అసలు విద్య కప్పు లోపల ఉంది.

ఈ గుడి చట్రంలో మేకు కనపడదు. ఒక కొయ్య కొసను సన్నగా చెక్కి, మరో కొయ్యకు తొలిచిన బెజ్జంలో బిగిస్తారు. స్తంభం తల మీద ఒక దిమ్మ, దాని మీద అడ్డంగా ఒక చెయ్యి, ఆ చేతి కొసల మీద మళ్లీ దిమ్మలు. ఇలా మెట్లు మెట్లుగా పైకి, బయటికి సాగుతూ పెంకుల బరువునంతా పట్టుకుని స్తంభాల్లోకి దించుతాయి. బరువు మోసేది స్తంభాలే కాబట్టి గోడలకు ఆ భారం తక్కువ. చూరు అంత ముందుకు సాగి వానను దూరం పెట్టగలిగిందీ ఈ అమరిక వల్లే. ఉప్పుగాలికి మేకు తుప్పు పడుతుంది. కొయ్యలో కొయ్య దిగితే, తేమకు ఉబ్బినా ఎండకు కుంచించుకున్నా అతుకు ఆ కదలికను ఓర్చుకుంటుంది.

రాళ్లు, కలప చైనా నుంచే తెచ్చారు. ముందున్న ఇనుప కటకటాలు మాత్రం స్కాట్లాండ్‌లోని గ్లాస్గోవి. రేవు పట్నంలో కట్టిన గుడి కదా, నాలుగు దిక్కుల సరుకూ చేరింది. దూలాల్ని ఎత్తి పట్టుకున్నట్టు చెక్కిన కొయ్యబొమ్మల్లో భారతీయుల పోలికలున్న మనుషులూ ఉన్నారు. అదే వీధిలో నాలుగడుగులు వేస్తే తమిళ ముస్లింలు కట్టుకున్న నాగూర్ దర్గా కనిపిస్తుంది.

1973లో థియాన్ హాక్ కెంగ్ గుడిని జాతీయ స్మారకంగా ప్రకటించారు. తర్వాత జరిగిన మరమ్మతులకు 2001లో యునెస్కో గుర్తింపు దక్కింది.

సింగపూర్ వెళ్తే తప్పక చూడండి, లోపలికి టికెట్ లేదు. గడప ఎత్తుగా ఉంటుంది. మన ఇళ్లలోలాగే అక్కడా దాన్ని తొక్కకూడదు, దాటాలి. దాటాక దణ్ణం పెట్టుకుని, ఓసారి తలెత్తి కప్పు చూడండి.