ఆకురాయి పట్టిన చెయ్యి

రాజమండ్రి వెళ్లే ఏటీఆర్ మెట్లెక్కుతూ ఈ వారం ఒక ప్రయాణికుడు "ఇంకా ఈ ఫ్యాన్ల విమానమేనా!" అని పెదవి విరిచారు. వెనకాలే ఉన్న ఈ కాలమిస్టుకు ఒళ్లు మండింది. ప్రొపెల్లరును పాతకాలపు సరుకుగా చూసేవాళ్ల మీద ఈ కాలమ్‌కున్న కోపం పాత పాఠకులకు తెలిసిందే.

ఏటీఆర్ 72-600 ప్రొపెల్లరుకు ఆరు కాంపోజిట్ బ్లేడ్లు, దాదాపు 4 మీటర్ల వ్యాసం. ఒక్కో బ్లేడూ గుండ్రంగా తిరిగే రెక్కే. 1903లో ఎగరకముందే రైట్ సోదరులు పట్టుకున్న కీలకం ఇది. బ్లేడు మొదలు నెమ్మదిగా, కొస చాలా వేగంగా కదులుతాయి. అందుకే మొదట్లో కోణం ఎక్కువ, కొసకు పోయేకొద్దీ తక్కువ. ఇంజిన్ ఆగితే బ్లేడ్లు అంచును గాలికి ఎదురుగా తిప్పేసుకుంటాయి.

కానీ అసలు ముచ్చట వర్క్‌షాపులో ఉంది. శిక్షణ విమానం అల్యూమినియం బ్లేడుకు రన్‌వే మీది రాయి తగిలి, గోటికి తగులుకునేంత గాటు పడిందనుకోండి. మెకానిక్ మ్యాగ్నెటో స్విచ్చులు ఆపి ఉన్నాయని చూసుకుంటాడు. అయినా ఇంజిన్ ఏ క్షణమైనా అందుకోవచ్చన్నంత జాగ్రత్తగానే బ్లేడు దగ్గరికి వెళ్తాడు. సన్నటి ఆకురాయిని బ్లేడు పొడవునే నడుపుతాడు. అడ్డగీత పడితే పగులు అక్కడే పుడుతుంది. వాడి గాటును వెడల్పైన పల్లంగా మార్చి, ఎమెరీ కాగితంతో నునుపు చేసి, రంగుద్రవం పూసి పగులు మిగిలిందేమో వెతుకుతాడు. అరగదీసింది మాన్యువల్ హద్దు దాటితే ఆ బ్లేడు ఇక పనికిరాదు. కాంపోజిట్ బ్లేడునైతే నాణెంతో తట్టి చూస్తారు; పొరలు విడిన చోట శబ్దం మొద్దుగా వస్తుంది.

ఆ చేతిని మించిన తనిఖీ లేదని రాసేయాలనే ఉంది. 1995 ఆగస్టు 21 రాయనివ్వదు. ఆ రోజు 29 మందితో అట్లాంటా నుంచి గల్ఫ్‌పోర్ట్ బయల్దేరిన బ్రెజిలియా రకం విమానం ఎడమ ప్రొపెల్లరు బ్లేడు గాల్లోనే విరిగింది. విమానం జార్జియాలోని కారల్టన్ దగ్గర పొలంలో కూలింది. బ్లేడు లోపలి రంధ్రంలో బిగించిన బెండు బిరడాలో క్లోరిన్ ఉంది. అది లోహాన్ని తినేసిన గుంటల్లోంచి పగులు పెరిగింది. అంతకు ముందు ఏడాదే అల్ట్రాసోనిక్ పరీక్ష ఆ బ్లేడును తిరస్కరించింది. వర్క్‌షాపులో లోపలికి చూసినవాళ్లకు తుప్పు కనిపించలేదు. రంధ్రాన్ని సానబెట్టి, బ్లేడును తిప్పి పంపారు.

చెయ్యి తేల్చిన నునుపునే ఈ కాలమ్ ఇన్నాళ్లూ సాక్ష్యంగా నమ్మింది. పరికరం కాదన్న బ్లేడు విషయంలో ఆ నమ్మకం చెల్లదు. కారణం దొరికేదాకా ఆకురాయి పక్కన పెట్టాల్సిందే.