హామీ వెంట

ఎన్నికలు ముగిసి, విజేతలు మెడలోని దండలు తీసివేసి ఢిల్లీకి పోయిన పిమ్మట, వారచ్చట మన తరఫున ఏమి పలుకుచున్నారో, ఎప్పుడు మౌనము వహించుచున్నారో సభావృత్తాంతముల నుండి గ్రహించుట నాకు చిరకాలపు వ్యసనము.

హాజరు శాతమును బట్టి సభ్యుని తూచుట నేటి వాడుక. మంత్రులు హాజరు వేయవలసిన పనియే లేదు. తక్కినవారు హాజరు వేసి మరుక్షణమున వెలుపలికి నడచినను ఆ దినము వారి లెక్కలో చేరును. ప్రశ్నల సంఖ్యయు నట్టిదే. లోక్‌సభలో దినమునకు 20 ప్రశ్నలకు మాత్రమే నక్షత్రపు గుర్తుతో మౌఖిక సమాధానార్హత కలుగును. వాని ముందువెనుకలను బ్యాలట్ నిర్ణయించును గావున, ఆ అదృష్టమును ప్రజ్ఞగా నెంచరాదు. పైగా 15 దినములు ముందుగా పంపు మూలప్రశ్నను సహాయకు లెవరైనను వ్రాసి యీయవచ్చును. మంత్రి సమాధానము విని, అందలి సందును పట్టుకొని, లేచిన పాటున అడుగు అనుబంధ ప్రశ్న మాత్రము సభ్యుని సొంతము. నేను మొదట వెదకునది దానినే.

ఓటు సంగతి మరింత చిక్కు. మూజువాణితో ఆమోదము పొందిన బిల్లుపై మన సభ్యుడు ఔననెనో కాదనెనో ఏ పుటయందును ఉండదు. డివిజన్ జరిగి పేరు నమోదైనను, 1985 నాటి ఫిరాయింపుల నిషేధ చట్టము పిదప పార్టీ ఆదేశమైన విప్‌ను ధిక్కరించినవాని సభ్యత్వమునకే ముప్పు గావున, ఆ ఓటు అతనిదో పార్టీదో తేల్చుట దుర్ఘటము. స్థాయీసంఘముల చర్చలు తలుపులు మూసి జరుగును. అచ్చట శ్రమించువారి పేరు బయటికి రాదు. (వారిపై నాకు కొంత పక్షపాతము కలదు.)

అందుచేత నేను సభ్యుని వెంట కంటె హామీ వెంట ఎక్కువగా పోవుదును. పరిశీలించెదమని మంత్రి పలికిన మాట గాలిలో కలియకుండ చూచుటకు లోక్‌సభలో 1953 నుండి ప్రభుత్వ హామీల సంఘము కలదు. 3 మాసములలో నెరవేర్చవలెనని గడువును కలదు. అయినను గడువు వేరు, ఆచరణ వేరు: విశాఖ ఉక్కు కర్మాగారమును గూర్చి ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటించినది 1970 ఏప్రిల్ 17న. శంకుస్థాపన మరుసటి జనవరిలో. కర్మాగారము జాతికి అంకితమైనది 1992లో! ఇంతటి దీర్ఘకాలమున ఒక్క సభ్యుని పదవీకాలము ఏ మూలకు? ఒకరు లేవనెత్తిన ప్రశ్నను, వారు ఓడిపోయిన పిదప మరొకరు అందుకొనిరా లేదా యని సమావేశము తరువాత సమావేశము చూడవలెను. అట్లు చూచుచుండగా, మన జిల్లాతో ఏ సంబంధమును లేని దూరప్రాంతపు సభ్యుడు మన పనిని గూర్చి నిలదీయుట అప్పుడప్పుడు కనబడును. అతని పేరును మన సభ్యుని పేరుకు పైన వ్రాసికొందును.