కంటపడని పులుల లెక్క

పులుల గణన అనగానే అడవంతా గాలించి ఒక్కొక్కదాన్నే లెక్కపెడతారనుకుంటాం. ఒకప్పుడు దాదాపు అలాగే చేశారు. నేల మీద పడ్డ అడుగును గాజుపలక మీదుగా గీసుకుని, ప్లాస్టర్‌తో అచ్చు తీసి, 1972లో దేశంలో 1,827 పులులున్నాయని తేల్చారు. కానీ ఒకే పులి ఇసుకలో వేసిన అడుగు, బురదలో వేసిన అడుగు ఒకేలా ఉండవు. ఒకటి రెండవుతుంది, రెండు ఒకటవుతాయి. 2004 లెక్కలో పులులున్న రాజస్థాన్‌లోని సరిస్కాలో మరుసటి ఏడాది వెతికితే ఒక్కటీ లేదు.

అంతకు ముందే, 1990లలో, కర్ణాటకలోని నాగరహొళె అడవిలో వన్యప్రాణి శాస్త్రవేత్త ఉల్లాస్ కారంత్ వేరే దారి పట్టారు. ఏ రెండు పులుల చారలూ ఒకటి కావు. దారికి రెండు వైపులా కెమెరాలు కడితే దాటిపోయే పులి తన గుర్తింపు తానే ఇచ్చిపోతుంది. రెండు వైపులా ఎందుకంటే, ఒకే పులికి కూడా ఎడమ పక్క చారలు కుడి పక్క చారల్లా ఉండవు.

ఇక లెక్క. మొదటి విడతలో 20 పులులు ఫొటోల్లో పడ్డాయనుకుందాం. రెండో విడతలో 15. వాటిలో 10 పాతవే, అంటే మూడింట రెండొంతులు. అలాగైతే మొదట దొరికిన 20 కూడా మొత్తంలో రెండొంతులే అయ్యుండాలి. మొత్తం 30. మనం చూసినవి 25. ఫొటో లేని ఆ ఐదు పులులే ఈ విద్యకు ప్రాణం.

అడవి ఇంత తేలిగ్గా లొంగదులెండి. కొన్ని పులులు కెమెరా దారికే రావు. లెక్క సాగదీస్తే ఈలోగా కొన్ని పుడతాయి, కొన్ని చస్తాయి. అందుకే కొద్ది వారాల్లో ముగించాలి. అసలు చిక్కు హద్దు దగ్గర. సగం రోజులు బయట తిరిగే పులి ఎవరి ఖాతాలోకి? ఇప్పటి మోడళ్లు ప్రతి పులి తిరుగుడుకూ ఒక నడిబొడ్డు ఊహిస్తాయి. కెమెరా అక్కణ్నుంచి దూరమయ్యేకొద్దీ పులి ఫొటోలో పడే అవకాశం తగ్గుతుంది. ఆ తగ్గుదలలోనే అది ఎంత మేర తిరుగుతుందో తెలుస్తుంది. దాంతో వంద చదరపు కిలోమీటర్లకు ఎన్ని పులులో చెప్పొచ్చు. కృష్ణకు అటు అమ్రాబాద్, ఇటు నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యాలని నల్లమల అడవిని మనం పంచుకున్నాం గానీ, పులికి ఆ పంపకం తెలియదు కదా.

2022 గణన సగటు 3,682, పైహద్దు 3,925. శీర్షికల్లో ఎక్కువగా మొదటి సంఖ్యే మిగిలింది. నా మటుకు నాకు ఆ రెండింటి మధ్య ఎడమే ఎక్కువ నిజాయితీగా కనిపిస్తుంది.

ఇంతా చేసి, కెమెరా ఏ చెట్టుకు కట్టాలో మోడల్ చెప్పదు. దానికి దుమ్ములో అడుగు పోల్చగల మనిషి కావాలి. నల్లమలలో అలాంటి చూపు చెంచులది. లెక్కకు పనికిరాదన్న పాదముద్రే మళ్లీ దారి చూపిస్తుంది. అది కనబడ్డ చోట రెండు కెమెరాలు మోకాలెత్తున కట్టి, ఒకదాని ఫ్లాష్ ఇంకోదాని కంట్లో పడకుండా కాస్త పక్కకు జరిపి, వచ్చేస్తారు.